పచ్చి స్పిరులినా మేత: హైదరాబాద్‌లో ఇంటి దగ్గర తొట్టె కట్టడం నుంచి కోళ్లకు పెట్టడం దాకా

స్పిరులినా అంటే నీళ్లలో పెరిగే ఒక నీలి ఆకుపచ్చ నాచు. ఆ పేరు వినగానే చాలామందికి మెడికల్ షాపులో దొరికే ఆకుపచ్చ మాత్రలు గుర్తొస్తాయి, లేదంటే పొడి చేసి అమ్ముకుంటే లక్షలు వస్తాయని చెప్పే వీడియోలు గుర్తొస్తాయి. నేను ఇక్కడ చెప్పేది ఆ రెండింటి గురించీ కాదు. శంషాబాద్ అవతలో, ఘట్‌కేసర్ పక్కనో కాస్త జాగా ఉండి ఇరవై ముప్పై నాటుకోళ్లు పెంచుకునేవాళ్లు, రెండు మూడు దూడలున్నవాళ్లు, ఇంట్లో రంగు చేపల తొట్లు పెట్టుకున్నవాళ్లు తమ మేతలో కొంత భాగం తామే పండించుకోవడం ఎలాగో చెబుతాను. మొదటే ఒక మాట గట్టిగా చెప్పేస్తా: మేత కోసం పెంచేటప్పుడు దాన్ని ఎండబెట్టొద్దు, పొడి చెయ్యొద్దు. పొద్దున తీసిన పచ్చి ముద్దను ఆ పొద్దునే పెట్టేయండి. స్పిరులినాలో ఖర్చంతా ఎండబెట్టడంలో, ప్యాకింగ్‌లో, ల్యాబ్ పరీక్షల్లో ఉంది, పెంచడంలో ఉన్నది కొంతే. బజారులో పొడి ధర సోయా చెక్క ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి పొడి కొని కోళ్లకు పెడితే ఎవరికీ గిట్టదు. అదే మన తొట్టెలోంచి తీసిన ముద్దకైతే ఆ ఖర్చులేవీ లేవు.

ముందు లెక్క చూసుకోండి

తొట్టె కట్టకముందే ఈ లెక్క అర్థమైతే తర్వాత నిరాశ ఉండదు. బయట ఎండలో పెట్టిన తొట్టె నుంచి చదరపు మీటరుకు రోజుకు 5 నుంచి 8 గ్రాముల దాకా వస్తుంది, అదీ ఎండిన బరువు లెక్కలో. చేతులు తిరిగేదాకా 5 గ్రాములనే అనుకోండి. అంటే 10 చదరపు మీటర్ల తొట్టెకు రోజుకు 50 గ్రాములు. బాగా పిండిన పచ్చి ముద్దలో ఐదో వంతు మాత్రమే అసలు పదార్థం, మిగతాదంతా నీరే, కాబట్టి మీ చేతికి వచ్చే ముద్ద పావు కిలో దగ్గర ఉంటుంది.

గుడ్లు పెట్టే కోడి రోజుకు 110, 120 గ్రాముల దాణా తింటుంది. అందులో 2 శాతం స్పిరులినా కలపాలంటే ఎండు లెక్కలో రెండు గ్రాముల పైచిలుకు, పచ్చి ముద్ద అయితే పది పన్నెండు గ్రాములు. అలా చూస్తే 10 చదరపు మీటర్ల తొట్టె ఇరవై కోళ్లకు సరిపోతుంది. అంతే. పది లీటర్ల పాలిచ్చే బర్రెకు రోజూ కిలోల కొద్దీ దాణా కావాలి, దాన్ని ఈ తొట్టెతో మేపుతామనుకుంటే కుదరదు. పాడి పశువులకు పచ్చిమేత కొరత తీరాలంటే అజొల్లా వేసుకోండి, అది తేలిక, గేదెలు ఇష్టంగా తింటాయి. అజొల్లా నాచు కాదు, నీటి మీద తేలే ఫెర్న్ మొక్క. దాని ఆకుల్లో నీలి ఆకుపచ్చ నాచు కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. ఎండు బరువులో దాని ప్రొటీన్ 20 నుంచి 30 శాతం. స్పిరులినాలో 55 నుంచి 70 శాతం ఉంటుంది. సోయా చెక్కలో 44, 46 శాతం ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఈ చిన్న ముద్ద విలువ తెలుస్తుంది. కడుపు నింపడానికి అజొల్లా, గడ్డి, నూకలు. ప్రొటీన్, రంగు, పోషకాల కోసం స్పిరులినా. ఈ రెండు పనులూ కలపకండి.

నాచుల్లో ఇదే ఎందుకు

క్లోరెల్లా కూడా మంచి నాచే, కానీ ఇంటి దగ్గర పెంచడానికి పనికిరాదు. దాని కణం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), బట్టలో వడపోస్తే నీళ్లతో పాటే జారిపోతుంది, గిర్రున తిప్పి నాచును వేరుచేసే సెంట్రిఫ్యూజ్ మెషీన్ కావాలి. పైగా దాని కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది, ఆ గోడ పగలగొడితే తప్ప కోడికి సరిగా అరగదు. స్పిరులినా పొడుగాటి స్ప్రింగుల్లా మెలికలు తిరిగిన పోగులుగా పెరుగుతుంది, సన్నటి బట్టలో నిలుస్తుంది, దాని గోడ మెత్తన కాబట్టి పచ్చిగానే అరుగుతుంది. ఆఫ్రికాలో చాద్ సరస్సు ఒడ్డున కానెం ప్రాంతపు ఆడవాళ్లు దీన్ని తరతరాలుగా బుట్టల్లో, బట్టల్లో వడకట్టి ఇసుకలో ఆరబెట్టి బిళ్లలుగా చేసి వండుకుంటున్నారు. మెక్సికోలో అజ్‌టెక్‌లు టెక్స్‌కోకో సరస్సు నుంచి తీసి తినేవాళ్లు. వాళ్లకు మెషీన్లేమీ లేవు.

ఇంకో పెద్ద లాభం ఏమిటంటే ఇది ఘాటైన క్షారంలో, పీహెచ్ (నీళ్లు ఎంత పులుపో, ఎంత క్షారమో చెప్పే కొలత) 9.5 నుంచి 10.5 మధ్య హాయిగా బతుకుతుంది. ఆ నీళ్లలో మిగతా నాచుల్లో చాలావి, చాలా రకాల బ్యాక్టీరియా నిలవలేవు. మూత లేని తొట్టెలో కూడా పంట శుభ్రంగా ఉండటానికి కారణం అదే, అందుకే ఈ మొత్తం పనిలో మీరు అన్నిటికన్నా ఎక్కువగా కాపాడుకోవాల్సింది పీహెచ్‌నే.

జాగా, బరువు

ఎండ రోజుకు కనీసం ఐదారు గంటలు పడాలి, చెట్టు ఆకులు రాలి పడకూడదు, కోళ్లు ఎక్కకూడదు. నేల మీద జాగా ఉంటే నేల మీదే కట్టండి.

సిటీలో ఉన్నవాళ్లు డాబా మీద పెడతామంటారు. ఇక్కడ జాగ్రత్త. 20 సెంటీమీటర్ల లోతు నీళ్లంటే చదరపు మీటరుకు 200 కిలోలు. మనం నడిచే డాబాలకు మామూలుగా లెక్క కట్టే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోల చుట్టే ఉంటుంది. పాత బిల్డింగుల్లో అదీ నమ్మలేం. కాబట్టి డాబా మీదైతే లోతు 10 సెంటీమీటర్లు దాటించకండి, తొట్టెను స్లాబు మధ్యలో కాకుండా కింద గోడలు, బీములు ఉన్న అంచుల వైపు పెట్టండి, ఒక్కసారి ఇంజినీరుకో, ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకో చూపించండి. అద్దె ఇంట్లో ఓనరుకు చెప్పకుండా మాత్రం అసలు వద్దు. అపార్టుమెంటు వాళ్లు, రంగు చేపలకు సరిపడా చాలనుకునేవాళ్లు రెండు మూడు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులతో మొదలుపెట్టినా పని నడుస్తుంది.

తొట్టె కట్టడం

దీనికి పెద్ద ఖర్చు పెట్టకండి. అజొల్లా బెడ్డు ఎలా వేస్తారో అలాగే: నేల చదును చేసి, రాళ్లూ వేర్లూ తీసేసి, కాస్త ఇసుక పరిచి, చుట్టూ ఇటుకలు రెండు మూడు వరుసలు పేర్చి, లోపల మందపాటి సిల్పాలిన్ షీటు (ప్లాస్టిక్ టార్పాలిన్) పరిచి అంచులు ఇటుకల మీదుగా బయటికి మడవాలి. 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు బాగుంటుంది, ఎందుకంటే రెండు వైపుల నుంచీ చీపురు మధ్యదాకా అందుతుంది. నీళ్లు 15 సెంటీమీటర్లు పోస్తే 1500 లీటర్లు. నేల మట్టం తప్పిందా, ఒక మూల ఐదు సెంటీమీటర్లు, ఇంకో మూల ఇరవై ఉంటుంది, లోతు తక్కువైన మూల మే నెలలో ఉడికిపోతుంది, కాబట్టి నీళ్ల గొట్టంతో మట్టం చూసుకుని కట్టండి.

పైన వెదురు కర్రలో, జీఐ పైపులో వంచి కట్టి ఒక పందిరి వెయ్యండి. దాని మీద వేసవిలో 50 శాతం షేడ్ నెట్, వానల్లో పారదర్శకమైన పాలిథిన్ మార్చుకోవచ్చు. చుట్టూ దోమతెర కడితే ఈగలు, పక్షుల రెట్టలు, ఆకులు రావు, కోళ్లు ఆ నీళ్లు తాగవు. ఇది అలంకారం కాదు, ఎందుకో కింద చెబుతా.

నీళ్లు

హైదరాబాద్‌లో ఈ పంట చెడిపోయేది ఎక్కువగా బోరు నీళ్ల దగ్గరే. మన బోర్లలో గట్టి నీళ్లు, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అలాంటి నీళ్లలో సోడా వేసి పీహెచ్ పెంచగానే అవి సున్నపు పొడిలా విడిపోయి తెల్లగా అడుగున పేరుకుంటాయి, పోతూ పోతూ ఫాస్ఫేట్‌నూ ఇనుమునూ తీసుకుపోతాయి, ఆ తెల్లపొడి ముద్దలోకి కూడా వస్తుంది. గీజరు రాడ్డు మీద తెల్లటి పెచ్చు కట్టే నీళ్లు అయితే వాడొద్దు. కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే నల్లా నీళ్లు దీనికి మంచివి, అయితే క్లోరిన్ పోవాలి కాబట్టి వెడల్పాటి తొట్లో ఒక రోజంతా ఎండలో ఉంచి అప్పుడప్పుడు కలియబెట్టి వాడండి. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు. ఆర్వో మెషీన్ నుంచి వృథాగా పోయే నీళ్లలో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి, అవి వద్దు.

ఇంకో విషయం మనసులో పెట్టుకోండి. స్పిరులినా నీళ్లలో ఉన్న సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటి లోహాలను తనలోకి లాక్కుంటుంది. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల చుట్టుపక్కల బోరు నీళ్లతో మేత పెంచకండి, అవి కోడిలోకి, గుడ్డులోకి, మీ పిల్లల కంచంలోకి వస్తాయి. మూసీ నీళ్లతో పెరిగిన పారా గడ్డి సిటీలోని ఎన్నో బర్రెల కొట్టాలకు మేత అవుతోంది, వేరే గడ్డి దొరక్క పెడుతున్నవాళ్ల కష్టం అర్థమవుతుంది, కానీ మనం కొత్తగా మొదలుపెట్టే మేతలోకి ఆ మురుగును తేవాల్సిన అవసరం లేదు.

నీళ్లలో ఏమేం కలపాలి

శాస్త్రవేత్తలు ల్యాబుల్లో వాడే జారూక్ మీడియంలో (మీడియం అంటే నాచు పెంచే పోషకాల నీళ్లు) లీటరుకు 16.8 గ్రాముల సోడియం బైకార్బొనేట్ ఉంటుంది. మేతకు అంత అక్కర్లేదు, సగంతో సరిపోతుంది. 1000 లీటర్లకు ఇలా వేసుకోండి:

- తినే సోడా, అంటే సోడియం బైకార్బొనేట్: 8 కిలోలు
- కల్లు ఉప్పు, అయోడిన్ లేనిది: 5 కిలోలు
- పొటాషియం నైట్రేట్, ఎరువుల షాపులో 13-0-45 అని అడగండి: 2 కిలోలు
- పొటాషియం సల్ఫేట్, 0-0-50: అర కిలో
- మెగ్నీషియం సల్ఫేట్: 200 గ్రాములు
- మోనో అమ్మోనియం ఫాస్ఫేట్, 12-61-0: 100 గ్రాములు
- ఈడీటీఏ ఇనుము, అంటే నీళ్లలో కరిగి ఉండే ఇనుము ఎరువు: 10 గ్రాములు

సోడా, ఉప్పు బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా బస్తాల్లో తీసుకుంటే చవక. మిగతావి డ్రిప్‌లో వాడే నీళ్లలో కరిగే ఎరువులు, సిటీ చుట్టూ ఏ మండలంలోనైనా ఎరువుల షాపుల్లో దొరుకుతాయి. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ చవకని వాటిని వాడకండి, అవి సరిగా కరగవు, వాటిలో కాడ్మియం లాంటి లోహాలు ఉండే వీలుంది. పేడ నీళ్లు, గోమూత్రం, బయోగ్యాస్ స్లర్రీతో కూడా నాచు పెరుగుతుంది, కానీ పచ్చిగా మేపే మేతలో రోగ క్రిములు వస్తే ఎవరు జవాబు చెబుతారు? నేను వద్దనే అంటాను.

ఒక్కో దాన్ని విడివిడిగా బకెట్‌లో కరిగించి తొట్లో పోయండి. అన్నీ ఒకే బకెట్‌లో పోస్తే ఒకదానితో ఒకటి కలిసి గడ్డకడతాయి. కొత్తగా కలిపిన నీళ్ల పీహెచ్ 8 నుంచి 8.5 దగ్గర ఉంటుంది. సోడాలో కిలోన్నర తగ్గించి దాని బదులు ఒక కిలో బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, వేస్తే పీహెచ్ 9 దాటి మొదటి రోజు నుంచే వేరే నాచులకు తావుండదు. సువాసనలు కలిపిన డిటర్జెంట్ పొడి కాదు సుమా, ఉత్త సోడానే.

విత్తనం

దీన్ని కల్చర్ అంటారు. స్పిరులినాను స్వచ్ఛంగా పెంచే చోటు నుంచి, పాకింగ్ పొడి కాకుండా బతికున్న నాచు నీళ్లు తెచ్చుకోవాలి. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో నీలి ఆకుపచ్చ నాచుల సేకరణ ఉంది, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) స్పిరులినా మీద ఏళ్లుగా పని చేసింది. దగ్గర్లో పెంచేవాళ్ల దగ్గర తీసుకుంటే మైక్రోస్కోపులో చూపించమనండి, లేదా కాలేజీ బోటనీ ల్యాబులో చూడండి. మెలికలు తిరిగిన పోగులు మాత్రమే కనబడాలి, గుండ్రటి చుక్కలు గుంపులుగా కనబడితే తీసుకోవద్దు.

హుస్సేన్ సాగర్ మీదో, ఊరి చెరువు మీదో పచ్చగా తేలే నాచును తెచ్చి పెంచుదామని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. అలా పచ్చ పెయింటులా తేలే వాటిలో మైక్రోసిస్టిస్ లాంటివి ఉంటాయి, అవి కాలేయాన్ని దెబ్బతీసే విషం వదులుతాయి, ఆ నీళ్లు తాగిన పశువులు చనిపోవడం ప్రపంచమంతా నమోదైన సంగతి. రంగు ఒకటే అయినా అది వేరు, ఇది వేరు.

తెచ్చిన కల్చర్‌ను నేరుగా పెద్ద తొట్లో కుమ్మరించకూడదు. ఐదు లీటర్లు తెస్తే ముందు 15, 20 లీటర్ల టబ్బులో, అది చిక్కబడ్డాక 60 లీటర్లకు, తర్వాత 200కు, ఇలా ప్రతిసారీ మూడు నాలుగు రెట్లకు మించకుండా పెంచుకుంటూ పోండి. పలచగా ఉన్న నాచు మీద గట్టి ఎండ పడితే తెల్లగా మారి చస్తుంది, కాబట్టి ఈ దశలో నీడలో పెట్టండి. చిక్కదనం కొలవడానికి ఒక కర్రకు చివర తెల్లటి ప్లాస్టిక్ మూత బిగించి, కర్ర మీద సెంటీమీటర్లు గీసుకోండి. నీళ్లలో ముంచితే ఎన్ని సెంటీమీటర్ల దగ్గర మూత కనబడకుండా పోతుందో అదే మీ కొలత. 5 దగ్గర మాయమైతే నాచు నిలదొక్కుకున్నట్టు, 3 కన్నా ముందే మాయమైతే కోతకు వచ్చినట్టు. పెద్ద తొట్టె నడుస్తున్నా ఇంట్లో కిటికీ దగ్గర రెండు మూడు సీసాల్లో కల్చర్ ఎప్పుడూ ఉంచుకోండి, తొట్టెకు ఏమైనా అయితే మళ్లీ కల్చర్ కోసం తిరిగే టెన్షన్ ఉండదు.

రోజువారీ పని

కలియబెట్టడం ముఖ్యం. స్పిరులినా పైకి తేలి దుప్పటిలా పరుచుకుంటుంది, పైన ఉన్నది ఎండకు మాడుతుంది, కింద ఉన్నదానికి వెలుతురు అందదు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నాలుగైదు సార్లు మెత్తటి చీపురుతో రెండు నిమిషాలు కదిపితే చాలు. ఇంట్లో పగలు ఎవరూ ఉండరంటే అక్వేరియం ఎయిర్ పంపులు పెట్టండి, లేదా రాణిగంజ్‌లో చిన్న గేర్ మోటారు తెచ్చుకుని తెడ్డు తిరిగేలా చేయించుకోవచ్చు. మామూలు నీళ్ల మోటారుతో నీటిని తిప్పితే దాని రెక్కలు పోగుల్ని ముక్కలు చేస్తాయి, ముక్కలైన పోగులు బట్టలోంచి జారిపోతాయి. రాత్రిళ్లు కలపాల్సిన పని లేదు.

పీహెచ్ పేపరుతో వారానికి రెండుసార్లు చూడండి. నాచు పెరిగేకొద్దీ పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. 10.5 దాటుతుంటే 1000 లీటర్లకు అర కిలో నుంచి కిలో తినే సోడా వెయ్యండి, కొంచెం కిందికి దిగుతుంది, నాచుకు కావాల్సిన కార్బన్ కూడా అందుతుంది. ఆవిరైన నీళ్లను మెత్తటి నీళ్లతోనే, అంటే నల్లా నీళ్లో వాన నీళ్లో పోసి, నింపండి. మే నెలలో రోజుకు సెంటీమీటరు దాకా తగ్గుతుంది, ఆ సెంటీమీటరును బోరు నీళ్లతో నింపుతూ పోతే రెండు నెలల్లో తొట్టె సున్నపు తొట్టె అవుతుంది.

మన కాలాలు

ఈ నాచుకు 30 నుంచి 35 డిగ్రీలు ఇష్టం. హైదరాబాద్‌లో ఏడాదిలో చాలా నెలలు తొట్టె నీళ్లు పగటిపూట అక్కడే ఉంటాయి, ఈ విషయంలో మనం అదృష్టవంతులం. ఏప్రిల్, మేలో బయట 40 దాటినప్పుడు నీళ్లు 38 దాటకుండా చూసుకోవాలి: షేడ్ నెట్, లోతు కాస్త ఎక్కువ, మధ్యాహ్నం గాలి ఆడేలా పక్కలు తెరిచి ఉంచడం.

డిసెంబరు, జనవరిలో సమస్య తిరగబడుతుంది. రాత్రి పాలిథిన్ కప్పండి. 20 డిగ్రీల లోపు నాచు దాదాపు పెరగదు. పొద్దున నీళ్లు చల్లగా ఉండగానే మీద తీక్షణంగా ఎండ పడితే ఇంకా నష్టం, చలిలో ఉన్న నాచు ఆ వెలుతురును వాడుకోలేక దెబ్బతింటుంది. అందుకని పొద్దున నీళ్లు వెచ్చబడేదాకా నెట్ తియ్యకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పెద్ద వాన పడితే తొట్టె పొంగి ఉప్పులు పలచబడతాయి, పాలిథిన్ మీద నీళ్లు నిలవకుండా వాలుగా కట్టుకోండి. వరసగా ముసురు పట్టిన రోజుల్లో పంట సగానికి పడిపోతుంది. ఆ రోజుల్లో బలవంతంగా కోయొద్దు.

కోత

పొద్దున్నే కోయాలి. అప్పుడు చల్లగా ఉంటుంది, వడకట్టడం తేలిక, ప్రొటీన్ శాతం కూడా మెరుగ్గా ఉంటుంది. రోజుకు తొట్టెలో నాలుగో వంతు నీళ్లకు మించి వడకట్టకండి. ముందు దోమతెరలో పోసి చెత్త, పురుగులు తీసెయ్యండి, తర్వాత 30 నుంచి 50 మైక్రాన్ల బట్టలో పొయ్యండి. పెళ్లి కార్డులు స్క్రీన్ ప్రింటింగ్ చేసేవాళ్లు వాడే పాలిస్టర్ మెష్ దీనికి సరిగ్గా సరిపోతుంది. జారిన నీళ్లు మళ్లీ తొట్లోకే పోవాలి, అందులో మీ ఎరువంతా ఉంది.

బట్టలో మిగిలిన పలచటి జావను మందపాటి కాటన్ బట్టలో మూటగట్టి, రెండు పలకల మధ్య పెట్టి మెల్లమెల్లగా బరువు పెంచుతూ పావుగంట, ఇరవై నిమిషాలు నొక్కండి. ముద్ద చపాతీ పిండి కన్నా కాస్త గట్టిగా, చేతికి అంటకుండా విరగాలి. పిండటంలో బద్ధకించొద్దు. తొట్టె నీళ్లలో లీటరుకు రెండు గ్రాముల పొటాషియం నైట్రేట్ ఉంది, పశువుల కడుపులో నైట్రేట్ నైట్రైట్‌గా మారితే రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు, పశువు పడిపోతుంది. తొట్టె చుట్టూ దోమతెర కట్టమన్నది అందుకే. దూడలు, మేకలు తొట్టె నీళ్లు తాగకుండా కంచె కూడా కట్టండి, పొటాషియం నైట్రేట్ బస్తాను తాళం వేసిన గదిలో పెట్టండి. మంచినీళ్లతో ముద్దను కడుగుదామనుకుంటే ఎక్కువసేపు నానబెట్టకండి, ఉప్పు నీళ్లకు అలవాటుపడ్డ కణాలు మంచినీళ్లలో పగిలి నీలం రంగు కారిపోతుంది.

మేపడం

పచ్చి ముద్ద బయట రెండు మూడు గంటల్లో వాసన మొదలవుతుంది. ఫ్రిజ్‌లో మూత పెట్టిన డబ్బాలో మర్నాటి దాకా ఆగుతుంది. ముద్ద నుంచి నీలం నీళ్లు కారుతున్నా, కుళ్లు వాసన వచ్చినా ఏ జంతువుకూ పెట్టొద్దు.

కోళ్లకు తవుడు, నూకలు, మొక్కజొన్న రవ్వలో చేత్తో పొడిపొడిగా కలిపి అప్పటికప్పుడు పెట్టండి. మొదటి వారం చిటికెడుతో మొదలుపెట్టి మెల్లగా 2 శాతానికి రండి, 3 దాటాల్సిన పని లేదు. నాటుకోళ్లయినా, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ అయినా ఇదే కొలత. ముందు కనబడేది గుడ్డు సొన రంగు. స్పిరులినాలోని కెరోటినాయిడ్లు నేరుగా సొనలోకి చేరి దాన్ని ముదురు పసుపు, నారింజ వైపు తీసుకెళ్తాయి, రెండు మూడు వారాల్లో తేడా తెలుస్తుంది. కానీ గుడ్డు పెంకుకు కాల్షియం దీని నుంచి రాదు, గుల్ల పొడి, మినరల్ మిక్చర్ మానకండి. ప్రొటీన్‌లో భాగమైన మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఇందులో గుడ్డు ప్రొటీన్‌తో పోలిస్తే తక్కువ, కాబట్టి సోయా చెక్కను పూర్తిగా తీసేసి ఇదొక్కటే పెట్టడం సరికాదు.

దూడలకు రోజుకు 50 నుంచి 100 గ్రాముల ముద్ద కుడితిలో కలిపి పెట్టొచ్చు. కొన్ని మొదట మూతి తిప్పుకుంటాయి, కొంచెం బెల్లం కలిపితే అలవాటు పడతాయి. మేక పిల్లలకు ఇందులో పావు వంతు చాలు.

చేపల విషయంలో ఇది ఇంకా బాగా పనికొస్తుంది. గప్పీ, గోల్డ్‌ఫిష్, కోయ్ లాంటి రంగు చేపలకు చిన్న చిన్న చుక్కలుగా ముద్ద వేస్తే ఎరుపు, నారింజ రంగులు తేలతాయి. తినగలిగినంతే వెయ్యాలి, మిగిలితే నీళ్లు పాడవుతాయి. చెరువులో బొచ్చె, రోహు పెంచేవాళ్లు తవుడు, పల్లి చెక్కలో ముద్దను కలిపి చిక్కటి గంజితో ఉండలు కడితే నీళ్లలో వెంటనే కరిగిపోదు. కొర్రమీను మాంసాహారి, దానికి దీన్ని ప్రధాన మేతగా అనుకోవద్దు.

కోసినంత తిరిగి ఇవ్వాలి

తీసిన ముద్దను రోజూ తూచి గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. మొత్తం 5 కిలోల ముద్ద తీసేసరికి తొట్టె నుంచి ఒక కిలో ఎండు పదార్థం పోయినట్టు. దానికి బదులుగా పొటాషియం నైట్రేట్ 1.4 కిలోలు, 12-61-0 ఎరువు 50 గ్రాములు, పొటాషియం సల్ఫేట్ 30, మెగ్నీషియం సల్ఫేట్ 25, ఈడీటీఏ ఇనుము 8 గ్రాములు వెయ్యండి, ఒకేసారి కాకుండా వారం వారం పంచి. నైట్రేట్ బదులు 300 గ్రాముల యూరియా వేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది, నిజమే. అయితే ఆ పీహెచ్‌లో యూరియా అమ్మోనియాగా మారుతుంది, ఒక్కసారి ఎక్కువైతే తొట్టె మొత్తం ఒక్క రోజులో పోతుంది. రోజూ కొలిచి గ్రాముల్లో వెయ్యగలిగితేనే యూరియా జోలికి వెళ్లండి.

తేడా వస్తే ఏం చెయ్యాలి

నాచు పసుపు పచ్చగా మారితే నత్రజనో, ఇనుమో తగ్గింది, లేదా ఎండ ఎక్కువైంది. ముందు నెట్ వేసి రెండు రోజులు చూడండి, మారకపోతే ఎరువు లెక్క సరిచూసుకోండి. వడకట్టిన తర్వాత కిందికి జారిన నీళ్లు కూడా పచ్చగా ఉంటే క్లోరెల్లా చేరింది. కొన్నాళ్లు కోత ఆపి పీహెచ్‌ను 10 పైకి తీసుకెళ్లండి, అయినా తగ్గకపోతే బట్టలో నిలిచిన స్పిరులినాతో కొత్త నీళ్లలో మళ్లీ మొదలుపెట్టడమే మేలు. ఈగ పిల్లలు కనబడితే సన్నటి జాలితో తీసి దోమతెర చిరుగులు కుట్టండి, పురుగుమందు ఒక్క చుక్క కూడా వద్దు. మంచి తొట్టె వాసన తేలిగ్గా నాచు వాసనే. కుళ్లు కంపు వస్తే అడుగున పేరుకున్న మడ్డి కుళ్లినట్టు, దాన్ని చీపురుతో ఒక మూలకు తోసి పైపుతో లాగెయ్యాలి.

మిగిలితేనే ఎండబెట్టండి

పెళ్లికో ఊరికో వెళ్తున్నారు, కోళ్లకు పెట్టేవాళ్లు లేరు, అలాంటప్పుడు ముద్దను జంతికల గొట్టంలో పెట్టి జాలీ మీద సన్నటి పోగులుగా ఒత్తి, పైన పలచటి బట్ట కప్పి, గాలి ఆడే చోట ఆరబెట్టండి. మార్చి నుంచి మే దాకా మన ఎండకు కొన్ని గంటల్లోనే చిటుక్కున విరిగేంత ఎండుతుంది. ఆ రోజు సాయంత్రానికి ఎండకపోతే పులుస్తుంది, అందుకే వానాకాలంలో ఈ ప్రయత్నం వద్దు. వేడి 60 డిగ్రీలు దాటకూడదు, నేరుగా ఎండ తగిలితే రంగు, విటమిన్లు పోతాయి. గాలి చొరని డబ్బాలో చీకట్లో పెట్టుకుని మీ కోళ్లకే వాడుకోండి. మనుషులకు తినడానికి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషనో, లైసెన్సో కావాలి, మేత కోసం పెట్టిన తొట్టెతో ఆ పని చెయ్యకూడదు.

పాత నీళ్లు

నెలలు గడిచేకొద్దీ నీళ్లు ముదురు రంగుకు తిరిగి, జిగటగా, నురగ ఎక్కువగా వస్తాయి, వడకట్టడం కష్టమవుతుంది. అప్పుడు నెలకోసారి పదో వంతు తీసేసి కొత్త మీడియం పోస్తూ ఉంటే తొట్టె మొత్తం ఖాళీ చెయ్యాల్సిన అవసరం చాలాకాలం రాదు. తీసిన నీళ్లలో సోడియం ఎక్కువ, కూరగాయల మడుల్లో పోస్తే నేల చౌడు పట్టి గట్టిపడుతుంది. నాలాలోకో, చెరువులోకో వదిలితే అందులోని ఎరువుకు అక్కడ పిచ్చి నాచు పెరుగుతుంది. పక్కనే పలచటి సిల్పాలిన్ మడి ఒకటి వేసి అందులో ఆవిరి కానివ్వండి, అడుగున మిగిలిన ఉప్పును గోనెసంచిలో కట్టి, పశువులు నాకకుండా పొడి చోట పెట్టండి.